చాగోస్ ఎవరిదో తేలింది సరే, అక్కడివాళ్ళ మాటేమిటి?

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో రాజకీయాలు వద్దని ఒక రూలుంది. పక్క దేశాల రాజకీయాలకు మాత్రం ఆ రూలు వర్తించదు. మొన్నామధ్య ఒకడు హిందూ మహాసముద్రం మ్యాపు పెట్టాడు. మారిషస్ నుంచి, చాగోస్ దీవుల్లో పెద్దదైన, అమెరికా సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా దాకా ఒక ఎర్రగీత, పక్కన 2,100 కిలోమీటర్లని అంకె. కింద వాడి వ్యాఖ్య: "ఇంత దూరంలో ఉన్న దీవులు మారిషస్‌వి ఎలా అవుతాయిరా? మాల్దీవులవాళ్ళు అడిగారంటే ఓ అర్థముంది. బ్రిటన్‌వాళ్ళకి బుర్రలేక ఇచ్చేస్తున్నారు, రేపు చైనావాడు వచ్చి కూర్చుంటాడు చూడు." పది నిమిషాల్లో బోలెడు బొటనవేళ్ళు పడ్డాయి. నేను జవాబు టైపు చేస్తూ చేస్తూ, ఇది ఫోనులో తేలే యవ్వారం కాదని ఇక్కడికి వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాగోస్ దీవులు మారిషస్‌వే, అందులో నాకు పెద్దగా అనుమానం లేదు. కానీ 2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకాలు చేసుకున్న ఒప్పందంతో న్యాయం జరిగిపోయిందని చప్పట్లు కొట్టడం నాకు మింగుడుపడదు. నేల ఎవరిదో రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకున్నాయి. ఆ నేల మీద పుట్టినవాళ్ళని 1965లో పిలవలేదు, ఈసారీ పిలవలేదు.

దూరం లెక్క

ముందు ఆ ఎర్రగీత సంగతి చూద్దాం. మాల్దీవుల దక్షిణ కొసకి సుమారు 500 కిలోమీటర్ల దిగువన చాగోస్ మొదలవుతుంది, నిజమే. దగ్గర ఎవరుంటే వాళ్ళదే అనుకుంటే, తొమ్మిదివేల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న లండన్‌ని ఆ మ్యాపులో ఎందుకు చూపించలేదో మావాడే చెప్పాలి. అంత దూరం పోనక్కర్లేదు, మన యానాం ఉంది. కాకినాడ నుంచి బస్సెక్కితే గంటలోపు దిగిపోతాం, చుట్టూ అన్ని వైపులా ఆంధ్రా, మాట తెలుగు, పాలన మాత్రం ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల అవతలున్న పుదుచ్చేరిది. ఎందుకంటే ఫ్రెంచివాళ్ళు ఆ ఊరిని అక్కణ్ణుంచే ఏలారు, వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ముడి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరూ విడ్డూరం అనరు. చాగోస్ కథ కూడా అదే, ఏలినవాళ్ళు కూడా మొదట ఆ ఫ్రెంచివాళ్ళే. కొబ్బరితోటల కోసం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మొజాంబిక్, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చి దింపి, మారిషస్ నుంచి పాలించారు. 1814 పారిస్ ఒప్పందంతో మారిషస్, దానికి అనుబంధంగా ఉన్న దీవులు కలిపి బ్రిటన్ చేతికొచ్చాయి. బ్రిటన్ కూడా నూటయాభై ఏళ్ళు అలాగే, మారిషస్‌లో భాగంగానే వాటిని నడిపింది. దూరం ఎక్కువైందని అప్పుడెవరికీ అనిపించలేదు.

ఇంకో చిత్రం, డియెగో గార్సియా నేల మొత్తం కలిపితే దాదాపు యానాం అంత, 30 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. కాకపోతే ముద్దగా ఉండదు. మధ్యలో లోతైన లగూన్‌ని, అంటే ఉప్పునీటి మడుగుని, పెట్టుకుని, చుట్టూ సన్నటి రిబ్బనులా సాగుతుంది. చాలాచోట్ల ఇటు సముద్రం, అటు లగూన్, మధ్యలో కొన్ని వందల మీటర్ల నేల. సముద్రమట్టం కంటే ఒకటి రెండు మీటర్లే ఎత్తు. అరవై దాకా దీవులున్న ఈ సముదాయం మొత్తంలో పొడినేల 60 చదరపు కిలోమీటర్లకు మించదు, మిగతాదంతా నీటికింద పగడపు దిబ్బలు. అందులో గ్రేట్ చాగోస్ బ్యాంక్ అనేది విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతిపెద్ద పగడపు వలయం, కానీ దానిమీద నిలబడటానికి నాలుగైదు చోట్ల తప్ప నేలే లేదు. ఉత్తరాన పెరోస్ బన్యోస్, సాలమన్ అని రెండు వలయాలు. జనం ఉన్నది ఈ రెండు చోట్లా, డియెగో గార్సియాలోనూ. కన్యాకుమారి నుంచి దక్షిణానికి, కాస్త పడమరగా 1,800 కిలోమీటర్లు పోతే ఈ చివరిది తగులుతుంది. పెద్ద ఓడలు లోపలికి వచ్చి ఆగగలిగే లగూన్, అరేబియాకీ ఆఫ్రికాకీ ఆసియాకీ మధ్యన, తుఫాన్ల దారికి కాస్త ఎడంగా. అమెరికా నౌకాదళం 1960ల మొదట్లో దీనిమీద కన్నేయడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

భయపెట్టి, ఆశపెట్టి

1965 సెప్టెంబరులో మారిషస్ స్వాతంత్ర్యం గురించి లండన్‌లో చర్చలు జరుగుతున్నాయి. మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్, బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్‌ను కలవబోయే ముందు అధికారులు విల్సన్‌కి ఒక చీటీ రాసిచ్చారు. దాని సారాంశం: ఈయనకు స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశ చూపించాలి, చాగోస్ వదులుకోకపోతే రాదేమోనన్న భయమూ పెట్టాలి. ఈ చీటీ తర్వాత బయటికొచ్చింది కాబట్టి తెలిసింది గానీ, లేకపోతే "మారిషస్ ఒప్పుకుంది కదా, 30 లక్షల పౌండ్లు తీసుకుంది కదా" అన్న మాటే ఈరోజుకీ చెల్లిపోయేది. ఆ ఏడాది నవంబరు 8న చాగోస్‌ను మారిషస్ నుంచి కోసి, సీషెల్స్ నుంచి అల్దాబ్రా వగైరా మూడు దీవుల్ని కలిపి, 'బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం' అని కొత్త వలసను పుట్టించారు. వలసలన్నీ మూతపడుతున్న రోజుల్లో, కొత్తగా ఒకటి. మరుసటి నెలలోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మారిషస్‌ను ముక్కలు చేయొద్దని తీర్మానం చేసింది, బ్రిటన్ దాన్ని పట్టించుకోలేదు.

1966 చివర్లో అమెరికాకు 50 ఏళ్ళ వాడకం హక్కు ఇచ్చారు. పైకి అద్దె లేదు, లోపల అమెరికా నుంచి కొనే పొలారిస్ క్షిపణుల ఖర్చులో బ్రిటన్‌కి 1.4 కోట్ల డాలర్ల మినహాయింపు. ఇక్కడొక చిక్కొచ్చింది. ఆ దీవుల్లో తరతరాలుగా ఉంటున్న పదిహేను వందల నుంచి రెండువేల మంది జనం ఉన్నారు. వలసలో శాశ్వత నివాసులుంటే ఐక్యరాజ్యసమితికి లెక్క చెప్పాలి. అందుకని వాళ్ళంతా కాంట్రాక్టు కూలీలేనని కాగితాల మీద రాయాలని నిర్ణయించారు. 1966లో బ్రిటన్ విదేశాంగ అధికారులు రాసుకున్న నోట్లు చదివితే ఒళ్ళు మండుతుంది. ఒకాయన, అక్కడ స్థానిక జనం అంటూ సముద్రపు కాకులు తప్ప ఎవరూ ఉండకూడదు, వాటికింకా కమిటీ లేదు కదా అని చమత్కరించాడు. ఇంకొకాయన, దురదృష్టవశాత్తూ పక్షులతోపాటు కొందరు టార్జాన్లు, మ్యాన్ ఫ్రైడేలు (రాబిన్సన్ క్రూసో కథలో నౌకరు పేరు) కూడా ఉన్నారని జత చేశాడు.

తాబేళ్ళకు దొరికిన దిక్కు

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తొలిచేది అల్దాబ్రా ముచ్చట. ఆ దీవిలోనూ విమానాశ్రయం కట్టాలని బ్రిటన్ అనుకుంది. అక్కడ పెద్దపెద్ద నేల తాబేళ్ళుంటాయి. ఆ సంగతి తెలియగానే రాయల్ సొసైటీ శాస్త్రవేత్తలు, అటు అమెరికాలో స్మిత్‌సోనియన్‌వాళ్ళు గొడవకు దిగారు, పత్రికలు రాశాయి, పార్లమెంటులో టామ్ డాలియెల్ అనే ఎంపీ ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. అదే సమయానికి పౌండు విలువ కూడా పడింది, 1967 నవంబరులో పథకం అటకెక్కింది. 1976లో సీషెల్స్‌కి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అల్దాబ్రా సీషెల్స్‌కి తిరిగి వెళ్ళింది, 1982లో యునెస్కో వారసత్వ స్థలం కూడా అయింది. తాబేళ్ళు బతికాయి, సంతోషం. వాటి తరఫున అడిగేవాళ్ళు ఉన్నారు. డియెగో గార్సియా మనుషుల తరఫున లండన్‌లో అప్పుడు ఎవరూ లేచి నిలబడలేదు, ఎందుకంటే వాళ్ళున్నారన్న సంగతే దాచేశారు.

ఖాళీ చేయించడం ఒక్కరోజులో జరగలేదు. 1968 నుంచి, వైద్యానికో చుట్టపుచూపుకో మారిషస్ వచ్చినవాళ్ళని తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. బండి చక్రం కాలిమీదుగా పోయిన కూతుర్ని చూపించుకోవడానికి వచ్చిన రీటా బాంకూల్ అలాగే ఇరుక్కుపోయింది. కూతురు దక్కలేదు, వెనక్కి పోదామంటే నీ దీవి అమ్ముడుపోయిందన్నారు. ఆమె కొడుకు ఒలివియే బాంకూలే తర్వాత బ్రిటన్ ప్రభుత్వాన్ని కోర్టుల చుట్టూ తిప్పిన మనిషి. ఇటు దీవుల్లో సరుకుల ఓడలు తగ్గాయి. 1971లో డియెగో గార్సియా ఖాళీ అయ్యేముందు జనం పెంచుకున్న కుక్కల్ని పట్టి, షెడ్డులో మూసి, పొగపెట్టి చంపారు. ఇంకా ఓడ ఎక్కని పిల్లల కళ్ళముందే ఇది జరిగింది.

2018 సెప్టెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో లిస్బీ ఎలిసే అనే ఆవిడ వాంగ్మూలాన్ని తెర మీద చూపించారు. ఆవిడకు చదవను రాయను రాదు, వాళ్ళ భాష క్రియోల్‌లో చెప్పింది. పెరోస్ బన్యోస్‌లో 1953లో పుట్టింది. 1973లో నార్డ్‌వేర్ అనే ఓడలో చివరి విడతగా పంపేసేనాటికి నాలుగు నెలల గర్భిణి. చీకట్లో ఎక్కించారని, ఓడలో పశువుల్లా పడి ఉన్నామని, ఒక చిన్న పెట్టెలో బట్టలు తప్ప ఏమీ తెచ్చుకోలేదని, మారిషస్ చేరాక పుట్టిన బిడ్డ పుట్టగానే పోయిందని చెప్పింది. కొన్ని నిమిషాల వీడియో అది. దేశాల తరఫున రోజులతరబడి సాగిన వాదనల మధ్య, అక్కడ పుట్టి పెరిగిన మనిషి గొంతు వినబడింది ఆ కాసేపే.

తీర్పుల చిట్టా అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయను. 2019 ఫిబ్రవరి 25న ఆ న్యాయస్థానం, 13 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపు, విభజన చట్టవిరుద్ధమని అభిప్రాయపడింది. మే నెలలో సర్వసభ్య సభ 116 ఓట్లతో బ్రిటన్‌ని ఆర్నెల్లలో తప్పుకోమంది. వ్యతిరేకంగా పడినవి ఆరు, అందులో మాల్దీవులది ఒకటి. మన దేశం మారిషస్ పక్షాన వేసింది. న్యాయస్థానం చెప్పింది సలహా మాత్రమే, కట్టుబడాల్సిన పనిలేదని బ్రిటన్ అన్నది కూడా నిజమే. కానీ ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి తన మ్యాపు మార్చేసింది, 2021లో ప్రపంచ తపాలా సంఘం ఆ 'భూభాగం' పేరున్న స్టాంపులు చెల్లవంది. స్టాంపు కూడా చెల్లని వలసని ఎంతకాలం నెట్టుకొస్తారు?

చైనా భయం, మన భయం

మావాడు వేసిన రెండో ప్రశ్నని తేలిగ్గా తీసేయలేను. స్థావరం లేకపోతే ఏమవుతుంది? నిజానికి ఒప్పందంలో స్థావరానికి ఢోకా లేదు. సార్వభౌమత్వం మారిషస్‌ది, డియెగో గార్సియా వాడకం 99 ఏళ్ళు బ్రిటన్‌ది, ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు అద్దె, చుట్టూ 24 నాటికల్ మైళ్ళ లోపల బ్రిటన్ ఒప్పుకోకుండా ఎవరూ ఏమీ కట్టకూడదు. స్థావరం పక్కనే చైనా జెట్టీ వచ్చేస్తుందని భయపడేవాళ్ళు ఈ ముక్క చదవలేదనుకుంటాను. 2025లో సరేనన్న ట్రంప్ 2026 జనవరికల్లా ఇది పరమ తెలివితక్కువ పని అన్నాడు. అది ఆయన వరస, దాన్ని వాదనగా లెక్కేయలేం.

మన సంగతి చూస్తే, 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు వచ్చిన రోజుల్లో, డియెగో గార్సియా అంటే మన పెద్దవాళ్ళకి ఒళ్ళుమంట. హిందూ మహాసముద్రం శాంతి మండలం కావాలని అప్పుడు ఢిల్లీ గట్టిగా మాట్లాడేది. ఇప్పుడు అదే స్థావరం అక్కడుంటేనే మంచిదని లోలోపల అనుకుంటోంది. తప్పనడం లేదు, కాలం మారింది, భయాలు మారాయి. పైగా మనమూ అదే సముద్రంలో కడుతున్నాం. మారిషస్‌కే చెందిన అగలేగా దీవుల్లో భారత్ కట్టిన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న మొదలయ్యాయి. రన్‌వే పొడవు మూడు కిలోమీటర్లు, దీవుల్లో ఉండేది మూడొందల మంది. వాళ్ళని ఎవరూ ఖాళీ చేయించలేదు, చేయించబోమని మారిషస్ అంటోంది, నమ్ముదాం. కానీ ఆ మూడొందల మందికి చాగోస్ కథ బాగా తెలుసు. వాళ్ళు అనుమానంగా చూస్తే మనవాళ్ళు నొచ్చుకోవడంలో అర్థం లేదు.

మారిషస్ అంటే మనకొక మెత్తదనం ఉంటుంది. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశం, కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీల మనవలు ఉన్న దేశం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన చోటు. కాబట్టి మారిషస్ గెలిస్తే మనవాళ్ళు గెలిచినట్టే ఉంటుంది. కానీ ఆఫ్రికా మూలాలున్న చాగోస్ జనం రాజధాని పోర్ట్ లూయీ రేవు పక్క మురికివాడల్లో పడి ఉన్నప్పుడు, వాళ్ళని నెత్తిన పెట్టుకోలేదు ఆ దేశం. బ్రిటన్ 1972లో పునరావాసానికి ఇచ్చిన ఆరున్నర లక్షల పౌండ్లు వాళ్ళ చేతికి చేరింది 1978లో. 1982లో ఇంకో 40 లక్షల పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బు పంచేటప్పుడు, ఇక మళ్ళీ మా దీవి కావాలని అడగబోమని ఇంగ్లీషులో రాసున్న కాగితాల మీద, చదువురానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించారు.

అదే 1982లో బ్రిటన్ ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో యుద్ధం చేసింది. అక్కడుండేది పద్దెనిమిది వందల మంది. ఆ దీవుల భవిష్యత్తు అక్కడివాళ్ళే తేల్చుకోవాలన్నది బ్రిటన్ మాట, 2013లో ఓటింగు కూడా పెట్టారు, బ్రిటన్ వద్దన్నవాళ్ళు ముగ్గురే. ఇంచుమించు అంతే జనాభా ఉన్న చాగోస్‌వాళ్ళకి ఓటూ లేదు, అడగడమూ లేదు.

ఎవర్ని అడగాలి?

ఇక్కడే నాకూ కాస్త తడబాటు. అడగాలంటే సులువే, ఎవర్ని అడగాలి? అక్కడ పుట్టి ఇంకా బతికున్నవాళ్ళు కొద్దిమంది. వాళ్ళ పిల్లలు, మనవలు మారిషస్‌లో, సీషెల్స్‌లో, లండన్ దగ్గర క్రాలీ పట్టణంలో వేలల్లో ఉన్నారు. అందరిదీ ఒకే మాట కాదు. బాంకూల్ వర్గం ఒప్పందాన్ని స్వాగతించింది. క్రాలీలో చాలామంది మారిషస్ కింద ఉండబోమంటున్నారు. సంతకాల రోజు తెల్లవారుజామున, డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు మహిళలు లండన్ హైకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు, మధ్యాహ్నానికల్లా కోర్టు దాన్ని ఎత్తేసింది, సంతకాలు అయిపోయాయి. రేపు ఓటింగు పెట్టి బ్రిటన్‌తోనే ఉంటామంటే ఏం చేయాలి? దొంగిలించిన ముక్కలో ఓటింగు పెట్టి దొంగతనాన్ని ఖాయం చేస్తారా అని మారిషస్ అడుగుతుంది. ఆ ప్రశ్నలో బలముంది, నేను కాదనలేను.

అందుకే నేను సార్వభౌమత్వం మీద ఓటు అడగడం లేదు. అది తేలింది, అక్కడ వదిలేద్దాం. తిరిగి వెళ్ళే హక్కు వేరే విషయం. ఒప్పందం ప్రకారం మారిషస్ మిగతా దీవుల్లో జనాన్ని స్థిరపరచవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం కుదరదు. చాగోస్‌వాళ్ళ కోసం 4 కోట్ల పౌండ్ల నిధి పెడతామని రాసుకున్నారు. పెరోస్ బన్యోస్‌లో 1973 తర్వాత ఊళ్ళన్నీ పాడుబడ్డాయి, కూలిన గోడల మీద కొబ్బరిచెట్లు మొలిచాయి, రేవు లేదు, ఆసుపత్రి లేదు. అన్నీ ఉన్నది డియెగో గార్సియాలో: మూడున్నర కిలోమీటర్ల పైన రన్‌వే, ఆసుపత్రి, కరెంటు, మంచినీళ్ళు. అక్కడ వంట చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, మరమ్మతులు చేసేవాళ్ళు ఎక్కువమంది ఫిలిప్పీన్స్ నుంచి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళు. వాళ్ళ వల్ల భద్రతకు రాని ముప్పు, పాత ఊరు ఈస్ట్ పాయింట్ పక్కన నాలుగు ఇళ్ళు వేసుకునే ముసలివాళ్ళ వల్ల వస్తుందా? స్థావరం ఉన్నది పడమటి చేతి మీద, ఈస్ట్ పాయింట్ లగూన్‌కి అవతల గట్టున. 2006లో ఓ వందమందిని ఓడలో తీసుకెళ్ళి, సమాధులు శుభ్రం చేసుకోనిచ్చి, వెనక్కి తెచ్చేశారు. అప్పుడు ఏ బాంబరూ ఎగరడం మానలేదు.

2021లో శ్రీలంక తమిళుల పడవ ఒకటి ఆ దీవికి చేరింది. అరవైమందికి పైగా మనుషుల్ని, పిల్లలతో సహా, మూడేళ్ళు కంచెలోపల గుడారాల్లో ఉంచారు. ఆ నిర్బంధం చట్టవిరుద్ధమని 2024 డిసెంబరులో కోర్టు చెప్పింది. ఇష్టం లేనివాళ్ళని మూడేళ్ళు ఉంచుకోగలిగిన దీవి అది, పుట్టినవాళ్ళకి మాత్రం చోటు లేదట.

ఖర్చు మాట కూడా వస్తుంది. జనాన్ని వెనక్కి పంపడం భారమని బ్రిటన్ 2016లో తేల్చేసింది. సముద్రం పెరుగుతోంది, దీవులు మునుగుతాయి అనీ అంటారు. మునిగేదే అయితే అంత డబ్బు పోసి 99 ఏళ్ళకి లీజు ఎందుకు రాసుకున్నారో.

ఇంకొక్క మెలిక. 2010 ఏప్రిల్‌లో బ్రిటన్ చాగోస్ చుట్టూ 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేసి చేపలవేట ఆపేసింది. పర్యావరణ సంఘాలు మెచ్చుకున్నాయి. ఆ ఏడాది చివర్లో, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌లో వచ్చిన 2009 నాటి అమెరికా దౌత్య సందేశం చూస్తే, అలా చేస్తే పాత జనం తిరిగి రావడం కష్టమవుతుందని బ్రిటన్ అధికారే చెప్పినట్టుంది. మళ్ళీ ఆ మ్యాన్ ఫ్రైడే మాటే వాడారట, నలభై మూడేళ్ళ తర్వాత కూడా. 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ప్రకటన చట్టవిరుద్ధమంది. ఇప్పుడు అదే సముద్రానికి మారిషస్ తన రక్షిత ప్రాంతం ప్లాను వేస్తోంది, 2025 సెప్టెంబరులో వారణాసిలో ప్రకటించిన సాయం ప్యాకేజీలో దాని అభివృద్ధికి, నిఘాకి మన దేశమూ చెయ్యేస్తోంది. పగడాలు బతకాలి, ఎవరు కాదన్నారు. కానీ మన డబ్బుతో తిరిగే గస్తీ పడవ, పెరోస్ బన్యోస్‌కి తిరిగొచ్చి గాలం వేసుకున్న ముసలాయన్ని ఆపాలా వద్దా అన్నది ముందే కాగితం మీద రాసుంటుందా? గ్రూపులో చైనా గురించి అడిగినంత గట్టిగా దీని గురించి కూడా ఢిల్లీని అడగొచ్చు, ఇందులో రాజకీయాల రూలేమీ అడ్డు రాదు.